మనుషులు నాటిన మహావనం: కెపోంగ్‌లో ఒక రోజు

ఇండియా నుంచి చుట్టాలొచ్చి "మలేషియా అడవులు చాలా బాగుంటాయట కదా, ఎప్పుడు తీసుకెళ్తావు?" అని అడిగితే మనలో చాలామంది చెప్పే పేరు ఒక్కటే, తమన్ నెగారా. చెప్పాక లెక్కలు మొదలవుతాయి. 4,343 చదరపు కిలోమీటర్ల అడవి అది. కౌలాలంపూర్ నుంచి కారులో మూడు నాలుగు గంటలు, ఆ తర్వాత పడవ, కనీసం రెండు రాత్రుల బస, పైగా ఆఫీసులో సెలవు. చివరికి ఏమవుతుంది? ట్విన్ టవర్స్ ముందు ఒక ఫోటో, బటు కేవ్స్‌లో ఒక దండం, గెంటింగ్‌లో ఒక కాఫీతో చుట్టాలు విమానం ఎక్కేస్తారు. అడవి సంగతి "వచ్చేసారి చూద్దాం" ఖాతాలోకి వెళ్లిపోతుంది.

ఈ మధ్య స్కూలు సెలవుల్లో మా అమ్మ వచ్చినప్పుడు మాత్రం ఆ ఖాతా తెరవకూడదనుకున్నాం. ఒక్క శనివారంలో, పొద్దున బయల్దేరి చీకటి పడేలోగా ఇంటికి వచ్చేలా, అసలు సిసలు వర్షారణ్యం చూడాలి. అలాంటిది నగరం నడిబొడ్డు నుంచి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కెపోంగ్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మలేషియా ప్రాంగణం అది. ఇక్కడివాళ్లు ముద్దుగా 'ఫ్రిమ్' అంటారు. 2012లో మలేషియా ప్రభుత్వం దీన్ని జాతీయ వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకీ ఎక్కింది.

యునెస్కో జాబితాలో చాలా అడవులున్నాయి కదా, ఇందులో వింతేమిటంటారా? ఆ అడవుల్లో చాలావాటిని ప్రకృతి పెంచింది. దీన్ని మనుషులు నాటారు. అందుకే యునెస్కో దీన్ని సహజ వారసత్వం కింద కాకుండా, కోటలూ గుళ్లూ ఉండే సాంస్కృతిక వారసత్వం కింద చేర్చింది.

ఏడుగంటల బండి

వర్షారణ్యానికి వెళ్లాలంటే పొద్దున్నే వెళ్లాలి. ఇక్కడ సంగతి మనకు తెలిసిందే కదా, మధ్యాహ్నం దాటితే ఎప్పుడు ఆకాశం విరుచుకుపడుతుందో చెప్పలేం. మా ఆవిడ నాలుగింటికే లేచి పులిహోర కలిపింది, దద్దోజనం డబ్బాలో సర్దింది. పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి ఫోను, టాబ్లెట్ ఇంట్లోనే వదిలి రావాలన్న షరతుకు ఒప్పుకోవడానికి ఐస్‌క్రీము ఒప్పందం రాయించుకున్నారు. మా ఇంట్లో ఏ ప్రాజెక్టుకైనా చర్చల దశ ఎక్కువే!

బయల్దేరుతుంటే మా పక్క బ్లాకు తాతగారు లిఫ్టు దగ్గర కనిపించారు. డెబ్బై ఆరేళ్ల మనిషి. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చి పెరాక్‌లో ఎస్టేటు పనిలో కుదిరారు. ఈయన అక్కడే పుట్టి పెరిగి, ఎస్టేటులో మండోరుగా, అంటే మేస్త్రీగా పనిచేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం ఒక్కసారి కూడా చూడలేదు గానీ, నోరు తెరిస్తే అక్కడి యాసే.

"ఏటి బావూ, పిల్లల్నేసుకుని పొద్దున్నే ఎక్కడికెల్తన్నారు?"

"అడవి చూడ్డానికి తాతగారూ!" అన్నాడు మావాడు.

"అడివిని సూడ్డానికా!" అని ఆయన పకపకా నవ్వారు. "మా కాలంలో అడివి మమ్మల్ని సూసేది. సరే, ఇంటికాడ నాకు మాత్రం ఏటి పని? నేనూ వొస్తాను పద."

అలా మా ఐదుగురం ఆరుగురమయ్యాం. కారులో అమ్మ పక్కన కూర్చున్న ఆయన రెండు నిమిషాల్లోనే "సెల్లెమ్మా" అని వరస కలిపేశారు. "అవునన్నయ్యా" అంటూ అమ్మ తెలంగాణ యాసలో అందుకుంది. వెనక సీట్లో రెండు తెలుగులు, ముందు సీట్లో జీపీఎస్ ఇంగ్లీషు. అరగంటలో గేటు దగ్గరున్నాం.

తగరం తవ్విన నేల

లోపలికి అడుగు పెట్టగానే మొదట తెలిసేది చల్లదనం. రెండోది చప్పుడు. కీచురాళ్ల మోత ఎంత ఉందంటే, దగ్గర్లో ఎవరో మిక్సీ ఆన్ చేసి మర్చిపోయారేమో అనిపించింది. తలెత్తితే ఆకాశం కనిపించదు, ఆకుల మధ్య చిల్లులు మాత్రం కనిపిస్తాయి. చెట్ల మొదళ్లలో కొన్నిటికి గోడల్లాంటి వేళ్లు, మా అబ్బాయి ఎత్తుకు మించి లేచి, నాలుగు వైపులా మానును పట్టి నిలబెట్టాయి. ఇక్కడి నేలలో సారం పైపైనే ఉంటుంది. అందుకని చాలా చెట్లు వేళ్లను లోతుకు దింపకుండా పక్కలకు చాపి, ఈ దన్ను వేళ్లతో బరువు కాచుకుంటాయి.

"గీ చెట్లన్నీ ఎవలో నాటినయా? నాకైతే నమ్మబుద్ధైతలేదు బిడ్డా" అంది అమ్మ.

నమ్మడం కష్టమే. 1920ల్లో ఇక్కడికి వచ్చినవాళ్లకు కనిపించింది అడవి కాదు. కౌలాలంపూర్ నగరం పుట్టిందే తగరం గనుల వల్ల. 1857లో క్లాంగ్, గోంబాక్ నదులు కలిసే చోట గని కూలీలు దిగడంతో ఊరు మొదలైంది. ఆ తగరం వేట చుట్టుపక్కల లోయలన్నిటికీ పాకింది. తగరం తవ్వడమంటే నేలను నీళ్లతో కడిగి, ఖనిజం తీసుకుని, మిగిలిన ఇసుకను పక్కన పోయడం. సారమంతా కొట్టుకుపోయి, గుంటల్లో నీళ్లు నిలిచి, ఇసుక మేటలు పడతాయి. వాటి మీద లలాంగ్ అనే మొండి గడ్డి తప్ప మరేదీ త్వరగా మొలవదు. కెపోంగ్ లోయ అలాంటి గని గుంటలతో, కూరగాయల తోటలతో ఉండేది.

1926లో ఎఫ్.డబ్ల్యు. ఫాక్స్‌వర్తీ అనే అటవీ శాస్త్రవేత్త అటవీ పరిశోధన కేంద్రానికి ఈ స్థలాన్ని సూచించారు. 1929లో సంస్థ ఏర్పడింది. అప్పుడు మొదలైన నాటడం తరాల తరబడి సాగింది. ఈరోజు 500 హెక్టార్లకు పైబడిన వనంలో చెట్లు, జలపాతం, కాలిబాటలు, ప్రయోగశాలలు, నర్సరీలు అన్నీ ఉన్నాయి.

నాది ఐటీ ఉద్యోగం. మా ప్రాజెక్టులు ఆరు నెలలవి, మహా అయితే రెండేళ్లవి. మూడు వారాలు ఆలస్యమైతే క్లయింటు ఫోను మోగుతుంది. ఈ అడవి ప్రాజెక్టు మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరు కూడా 'గో లైవ్' చూసి ఉండరు. మొక్క మానవడానికి పట్టే కాలం మనిషి ఉద్యోగకాలం కంటే చాలా ఎక్కువ. ఆ సంగతి తెలిసే వాళ్లు గుంటలు తవ్వి మొక్కలు పెట్టారు.

అడవిని ఎలా కడతారు?

మా అమ్మాయికి సైన్సంటే ఇష్టం. "గింజలు చల్లితే సరిపోదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. సరిపోదు. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది ఎండ. ఈ అడవిలోని పెద్ద చెట్లలో చాలావరకు డిప్టెరోకార్ప్ కుటుంబానివి. మెరంతి, కెరూయింగ్, కపూర్, చెంగాల్ అని ఇక్కడ కలప దుకాణాల్లో వినిపించే పేర్లన్నీ ఆ కుటుంబానివే. వాటి పిల్లమొక్కలకు నీడ కావాలి. బోడి ఇసుకలో, మండుటెండలో పెడితే మాడిపోతాయి. అందుకని ముందు త్వరగా పెరిగే చెట్లు నాటి, వాటి నీడ పరుచుకున్నాక అసలు అడవి మొక్కల్ని పెట్టడం అటవీ శాస్త్రంలో వాడుకలో ఉన్న పద్ధతి. ముందు వేసే చెట్లను దాది చెట్లు అనుకోవచ్చు. బిడ్డ నిలదొక్కుకునే దాకా దాది పని.

రెండోది విత్తనం. మన వేరుశనగలా, కందిలా గాదెలో దాచుకుని వచ్చే ఏడు చల్లుకుందామంటే కుదరదు. ఈ చెట్ల గింజలు రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తాలి, లేదంటే చచ్చిపోతాయి. పైగా ఇవి ఏటేటా కాయవు. కొన్నేళ్ల పాటు ఊరుకుని, ఉన్నట్టుండి ఒకేసారి అడవంతా పూస్తుంది. వందల కిలోమీటర్ల మేర రకరకాల జాతులు కలిసి పూసి, కలిసి కాస్తాయి. ఒకేసారి అన్ని గింజలు రాలితే తినే జంతువులు ఎన్ని తిన్నా కొన్ని మిగులుతాయన్నది శాస్త్రవేత్తల వివరణ. మొక్కలు పెంచేవాళ్లకు ఇది పరీక్షే. ఆ ఏడాది, ఆ వారాల్లో, గింజ దొరికిన వెంటనే నర్సరీలో పెట్టాలి. తప్పిందా, మళ్లీ ఎన్నేళ్లు ఆగాలో ఎవరికీ తెలియదు.

మూడోది కంటికి కనిపించనిది. ఈ చెట్ల వేళ్లకు కొన్ని రకాల బూజులు అంటుకుని ఉంటాయి. బూజు నేలలోని పోషకాలను లాగి చెట్టుకిస్తుంది, చెట్టు తాను తయారుచేసుకున్న చక్కెరలో కొంత బూజుకిస్తుంది. సారం కడిగేసిన ఇసుకలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే మొక్క సరిగా ఎదగదు. ఆకు రాలాలి, కుళ్లాలి, చెదలు, పురుగులు, బూజులు చేరాలి. అప్పుడు గాని నేల నేల కాదు.

మావాడికి నచ్చింది మాత్రం గింజ ఆకారం. డిప్టెరోకార్ప్ అన్న గ్రీకు మాటకు రెండు రెక్కల కాయ అని అర్థం. ఒక ఎండిన కాయను మళ్లీ మళ్లీ పైకి విసిరి, అది హెలికాప్టరులా గిరగిరా తిరుగుతూ దిగుతుంటే టాబ్లెట్ ఊసే ఎత్తలేదు. మన శేషాచలం కొండల్లో పెరిగే జాలారి, ఉత్తరాంధ్ర అడవుల్లోని గుగ్గిలం చెట్టు కూడా ఈ కుటుంబానివే. సాంబ్రాణిలా ధూపం వేసే గుగ్గిలం ఆ చెట్టు జిగురే. ఇక్కడి మలయ్ భాషలో చెట్టు జిగురును 'డామర్' అంటారు. మనం తారును డామరు అంటాం. డామరు రోడ్డు మీద కారులో వచ్చి, డామర్ కార్చే చెట్టు కింద నిలబడ్డాం!

ఒకరినొకరు తాకని చెట్లు, కర్పూరం కథ

ఫ్రిమ్‌లో అందరూ తలెత్తి ఫోటోలు తీసుకునే చోటు కపూర్ చెట్ల తోపు. పక్కపక్కనే నిలబడ్డ మహావృక్షాలు. పైన కొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకుపోవాలి కదా? అల్లుకోవు. ప్రతి చెట్టు ఆకుల గుంపుకూ పక్క చెట్టు గుంపుకూ మధ్య సన్నటి ఖాళీ. కింద నుంచి చూస్తే ఆకాశంలో ఎవరో తెల్లటి గీతలతో మ్యాపు గీసినట్టుంటుంది. దీన్ని 'క్రౌన్ షైనెస్' అంటారు. మన మాటల్లో కొమ్మల బిడియం అనుకుందాం.

ఎందుకిలా? గాలికి కొమ్మలు రాసుకుని చివుళ్లు విరిగిపోవడం వల్లనని ఒక వాదన. ఫ్రాన్సిస్ ఎన్‌జీ అనే మలేషియా శాస్త్రవేత్త 1977లో ఇక్కడి కపూర్ చెట్లను పరిశీలించి, చివుళ్ల మీద అలా రాసుకున్న గుర్తులు లేవన్నారు. పక్క చెట్టు ఆకులు దగ్గరయ్యే కొద్దీ వెలుతురు తగ్గుతుంది, అది పసిగట్టి చివురు పెరగడం ఆపేస్తుందని ఆయన ఊహ. ఈ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

"మీ ఇద్దరికీ కారు వెనక సీట్లో ఇలాంటి ఖాళీ ఉంటే ఎంత బాగుండు" అని మా ఆవిడ పిల్లల్ని చూసి అంది.

ఇంతలో తాతగారు వంగి రాలిన ఆకొకటి నలిపి అమ్మకిచ్చారు. "వోసన సూడు సెల్లెమ్మా." అమ్మ వాసన చూసి, "కర్పూరమాయె గదా!" అంది.

కర్పూరమే! కపూర్, కర్పూరం అన్న పేర్లకు మూలం ఒకటేనని భాషావేత్తలు చెబుతారు. ఒకప్పుడు సుమత్రా, బోర్నియో, మలయా తీరాల నుంచి ఓడల మీద ప్రపంచమంతా వెళ్లిన మేలి కర్పూరం ఈ జాతి చెట్టు మాను చీలికల్లో గడ్డకట్టిన స్ఫటికమే. ఇప్పుడు మనం హారతికి వెలిగించే బిళ్లలు చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనవి. కానీ ఆ కాలంలో కర్పూరమంటే ఓ చెట్టును పడగొట్టి చీలిస్తే, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే అంత ఖరీదు.

పిల్లలూ, ఇక్కడో మన చరిత్ర పాఠం. బాపట్ల దగ్గర మోటుపల్లి అని ఒక ఊరుంది. ఒకప్పుడు అది పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో అక్కడ ఒక శాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని వర్తకులకు అభయమిచ్చాడు. ఏ సరుకు మీద ఎంత సుంకమో కూడా రాయించాడు. ఆ జాబితాలో గంధం, ముత్యాలు, దంతంతో పాటు కర్పూరం కూడా ఉంది. అంటే దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటే తూర్పు సముద్రం దాటిన కర్పూరం మన రేవుల్లో దిగేది. మనం ఇక్కడికి హెచ్-ఆర్ వాళ్లు ఇచ్చిన వీసా మీద వచ్చాం గానీ, దారి మాత్రం పాతదే.

మూడు తరాల లెక్క

పిల్లలూ నేనూ ఫారెస్ట్ స్కైవాక్ ఎక్కాం. ఉక్కు గోపురాల మధ్య చెట్ల నెత్తి మీద వేసిన నడక వంతెన అది. 1992లో కట్టిన పాత తాళ్ల వంతెన తర్వాత వచ్చిందిది. పైకి వెళ్తుంటే మెట్టు మెట్టుకీ వేడి పెరిగింది. అడవి అడుగున చీకటి, తేమ. పైన ఎండ, గాలి. పండ్లు, పువ్వులు, పక్షుల సందడంతా పైఅంతస్తులోనే. దూరంగా పచ్చదనం ఆగిపోయిన చోట కౌలాలంపూర్ టవర్లు వరసగా నిలబడి ఉన్నాయి. మా ఆఫీసు ఎటువైపో చూపించబోతే, "నాన్నా, ఈరోజు వద్దు" అంది మా అమ్మాయి.

దిగొచ్చేసరికి అమ్మ, మా ఆవిడ, తాతగారు నీడలో డబ్బాలు తెరిచి కూర్చున్నారు. పులిహోర తింటూ మావాడు అడిగాడు. "తాతగారూ, మీ ఎస్టేటు కూడా ఇలాగే అడవా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత వేళ్లు మడుస్తూ చెప్పారు. "మా తాత అడివి కొట్టి రబ్బరేసాడు. మా అయ్య ఆ రబ్బరు గీసాడు. నేను ఆ రబ్బరు కొట్టించి పామాయిలేయించాను. అదీ మా మూడు తరాల లెక్క."

ఆ మూడు వాక్యాల్లో ఈ దేశపు వందేళ్ల చరిత్ర ఉంది. 1877లో లండన్ క్యూ తోటల నుంచి 22 రబ్బరు మొక్కలు సింగపూర్ చేరాయి. వాటి సంతానం మలయా అంతా పరుచుకుంది. మోటారు కార్లు వచ్చి టైర్లకు గిరాకీ పెరిగే కొద్దీ అడవి కొండలు రబ్బరు తోటలయ్యాయి. ఆ కత్తీ, పారా పట్టింది ఎక్కువగా మన తీరాల నుంచి వచ్చిన కూలీలే. తర్వాత రబ్బరు ధర పడిపోయి, పామాయిల్ ధర లేచింది. ఎస్టేట్లు మారిపోయాయి.

"మీరే కొట్టేశారా మరి అడవిని?" అన్నాడు మావాడు. వాళ్లమ్మ కళ్లతో వారించింది గానీ, తాతగారు నవ్వారు.

"కొట్టమన్నారు, కొట్టాం బావూ. ఆకలి మీదున్నోడికి సెట్టు ముందు కూలి కనబడద్ది. మా తాత దినానికింత బియ్యం కోసం కొట్టాడు. ఆడ్నేటనగలం?" కాసేపాగి, పైకి చూస్తూ, "కానీ మళ్లీ నాటొచ్చని మాకెవుడూ సెప్పలేదు. ఇలా వొస్తాదని తెలిస్తే, ఎస్టేటు గట్టునన్నా రెండు ముక్కలు ఏసుందుం" అన్నారు.

ఎవరం మాట్లాడలేదు. అమ్మ ఆయన ఆకులో ఇంకొంచెం దద్దోజనం వడ్డించింది.

మా ఊరి మట్టి గుట్టలు

నేను పుట్టింది తెలంగాణలో ఒక బొగ్గు గనుల ఊళ్లో. అమ్మ చిన్నప్పుడు అక్కడ చుట్టూ అడవే. ఎండాకాలం తునికాకు కోసేది, ఇప్పపువ్వు ఏరేది, మొర్రిపండ్ల కోసం చెట్లెక్కేది. నాకు తెలిసొచ్చే నాటికి ఓపెన్‌కాస్ట్ గని వచ్చింది. బొగ్గు పైన ఉన్న మట్టినంతా తీసి పక్కన పోస్తే అవి గుట్టలయ్యాయి. మా ఇంటి డాబా మీద నుంచి తూర్పున కనిపించే కొండ నాకంటే చిన్నది. ఆ బొగ్గు కరెంటైంది, ఆ కరెంటు వెలుగులో చదువుకునే నేను కంప్యూటర్లు నేర్చుకుని ఇక్కడిదాకా వచ్చాను. కాబట్టి తాతగారి తాతను నేనేమనగలను?

ఆ గుట్టల మీద కొన్నేళ్లుగా మొక్కలు పెడుతున్నారు. కానుగ, వెదురు, నీలగిరి. అమ్మ వాటిని పట్టించుకోదు. "అది అడివిగాదు, ఉత్త చెట్లు" అంటుంది ఎప్పుడూ. ఆ రోజు కపూర్ చెట్టుకు ఆనుకుని అడిగింది. "గిది ఎన్నేండ్లల్ల ఇట్లయింది?"

"దాదాపు వందేళ్లమ్మా."

"గట్లనా. మరి మన గుట్టలకు ఇంకా పాతికేండ్లు గూడ గాలె" అంది.

అలాగని ఇదంతా తేలికని ఎవరూ అనుకోకూడదు. నెగెరి సెంబిలాన్‌లోని పాసో అడవిలో శాస్త్రవేత్తలు 50 హెక్టార్లలో ప్రతి చెట్టునూ లెక్కపెడితే 800కు పైగా జాతులు తేలాయి. యాభై హెక్టార్లంటే మన లెక్కలో సుమారు 125 ఎకరాలు, ఓ చిన్న ఊరి పొలాలంత. అంతటి వైవిధ్యాన్ని ఏ నర్సరీ తిరిగి పెట్టలేదు. చెట్లు నాటితే పక్షులొస్తాయి, కోతులొస్తాయి, పులి మాత్రం రాదు. పులికి ఒక లోయ చాలదు, కొండల వరస కావాలి. 2022లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం అడవుల్లో మిగిలిన మలయా పులులు 150 కంటే తక్కువ. నాటిన అడవి ఒక గొప్ప దిద్దుబాటు. దాన్ని చూపించి ఉన్న అడవిని కొట్టేయడానికి ఎవరికీ హక్కు రాదు. ఇది మా పిల్లలకు అర్థమైతే చాలు, ఆ రోజు పెట్రోలు ఖర్చు గిట్టినట్టే.

మూడింటికి వాన పట్టుకుంది. షెడ్డు కిందికి పరుగెత్తాం. పైన ఆకుల మీద పెద్ద చప్పుడు, కింద మాత్రం ఒక్క చుక్క లేదు. కాసేపటికి గాని నేల తడవలేదు. వాన ఆగిపోయాక కూడా అడవిలో చాలాసేపు కురుస్తూనే ఉంది. ఆకు నుంచి ఆకుకు దిగుతున్న ఆ చినుకుల్ని తాతగారు చేత్తో పట్టుకుని, "పైనున్నోడు తాగాకే కిందోడికి" అని నవ్వారు.

వెళ్లేముందు

స్కైవాక్‌కు ముందుగా బుక్ చేసుకోవాలి. వాతావరణాన్ని బట్టి, మరమ్మతులను బట్టి అప్పుడప్పుడు మూసేస్తారు, బయల్దేరేముందు ఒకసారి కనుక్కోండి. రైల్లో వెళ్లేవాళ్లు కెటిఎం కొమ్యూటర్‌లో కెపోంగ్ ప్రాంతంలో దిగి టాక్సీ పట్టుకోవచ్చు. నిండు చేతుల చొక్కాలు, పొడుగు సాక్సులు, జారని బూట్లు వేసుకోండి. వానాకాలం కాలిబాటల మీద జలగలుంటాయి, కంగారు పడకుండా గోటితో పక్కకు జరిపి తీసేస్తే సరి. దోమల మందు, మంచినీళ్లు, గొడుగు మరవద్దు. కోతులున్నాయి, తిండి వాటి కంట పడనివ్వకండి, ముద్దొచ్చినా పెట్టకండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ అంతా తిరిగి ఇంటికి తెచ్చేయండి. పెద్దవాళ్లకు చదునైన దారులు చాలినన్ని ఉన్నాయి, వాళ్లను ఇంట్లో వదిలి వెళ్లకండి. మాకైతే సగం అడవిని చూపించింది వాళ్లే.

పిల్లలూ, ఈ అయిదూ వెతకండి!

ఒకటి, రెక్కలున్న కాయ. పైకి విసిరి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి.
రెండు, మీ కంటే ఎత్తున్న దన్ను వేరు.
మూడు, ఆకాశంలో గీతలు గీసే బిడియం చెట్లు.
నాలుగు, నలిపితే కర్పూరం వాసనొచ్చే రాలిన ఆకు. చెట్టు నుంచి కొయ్యకూడదు సుమా!
ఐదు, ఒక పెద్ద చెట్టు కింద దానికదే మొలిచిన పిల్లమొక్క. అది అన్నిటికంటే ముఖ్యం. దాన్ని ఎవరూ నాటలేదు.

మావాడికి ఐదోది దొరికింది. రెండాకుల మొక్క. ఫోటో తీద్దామంటే ఫోను ఇవ్వమన్నాడు. ఇచ్చాను. తీసి, వెంటనే తిరిగిచ్చేశాడు. మన సంఘం తరఫున వచ్చే సెలవుల్లో ఒక బస్సు వేసుకుని అందరం కలిసి వెళ్దామని తాతగారు ప్రతిపాదించారు. పులిహోర మా ఇంటి నుంచి. వచ్చేవాళ్లు పేర్లు ఇవ్వండి.